ముందు కొమ్మలు విడదీసి చూడండి: బాక్స్‌వుడ్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

చలికాలం వెళ్ళేసరికి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకే మొక్క గురించి. అమెరికాలో ఇల్లు కొంటే ఇంటితో పాటే వచ్చేస్తుంది చూడండి, గుమ్మానికి అటూ ఇటూ గుండ్రంగా కత్తిరించి, చిన్న చిన్న ఆకులతో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే పొద. అదే బాక్స్‌వుడ్. మనం నాటింది కాదు, మన అమ్మమ్మలు పెంచిందీ కాదు. అందుకే దానికి ఏమైనా అయితే ఎవర్ని అడగాలో తోచదు. నేను కడియపులంకలో నర్సరీ ఇంట పుట్టి, వర్జీనియాలో ఒక గార్డెన్ సెంటర్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని. అక్కడికి జనం ఒకే ఒక్క ఆకు జిప్‌లాక్ సంచిలో పెట్టుకొచ్చి "దీనికి ఏ స్ప్రే?" అనేవారు. ఒక్క ఆకు చూసి ఎవరూ చెప్పలేరండీ. జానెడు కొమ్మ కావాలి, పొద లోపల ఎలా ఉందో తెలియాలి, కింద నేల మీద ఏం రాలిందో చూడాలి. ఈసారి ప్రశ్నలు పంపినవాళ్ళు చాలామంది అవన్నీ చూసి రాశారు, సంతోషం.

ఆంటీ, గత వేసవిలో ఇల్లు కొన్నాం. వాకిలికి రెండు పక్కలా బాక్స్‌వుడ్‌లు ఉన్నాయి. ఫిబ్రవరి చివరికి అన్నీ రోడ్డు వైపు మాత్రమే నారింజ రంగుకు తిరిగాయి, ఇంటి వైపు పచ్చగానే ఉన్నాయి. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు "చచ్చిన మొక్కలు తీసేయండి" అని లెటర్ పెట్టారు. పక్కింటాయన కూడా పీకేయమంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. నిజంగా చచ్చిపోయాయా?
*– యాష్‌బర్న్, వర్జీనియా*

పీకకండి. "రోడ్డు వైపు మాత్రమే" అని మీరు రాసిన మాటలోనే సగం జవాబు ఉంది. తెగులు దిక్కు చూసుకుని రాదు. ఎండ, గాలి దిక్కు చూసుకునే వస్తాయి. మీ ఇల్లు దక్షిణానికో పడమటికో తిరిగి ఉంటుందని పందెం కాస్తాను.

బాక్స్‌వుడ్ ఆకు చలికాలంలో రాలదు కాబట్టి దానిలోంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. జనవరిలో ఎండ కాసి గాలి వీచిన రోజున ఆకు నీరు అడుగుతుంది. కింద నేల గడ్డకట్టి ఉంటే వేరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఆకు ముందు రాగి రంగుకు, తరువాత నారింజకు, ఇంకా ముదిరితే గడ్డి రంగుకు తిరుగుతుంది. రాగి రంగు వరకైతే చాలా పొదలు వసంతంలో వాటంతటవే పచ్చబడతాయి.

బతికుందో లేదో చూడటానికి మందూ మాకూ అక్కర్లేదు. రంగు మారిన కొమ్మ బెరడును గోటితో కాస్త గీరండి. కింద లేత పచ్చగా, తడిగా కనిపిస్తే కొమ్మ బతికే ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకా కిందికి వచ్చి మళ్ళీ గీరండి. పచ్చదనం ఎక్కడ మొదలైతే అక్కడి వరకే ఎండింది. అయినా సరే, కత్తెర అప్పుడే పట్టుకోకండి. మే నెల మధ్య వరకు ఆగితే ఎక్కడ చిగురు వేస్తుందో మొక్కే చూపిస్తుంది. దానికి పైన ఉన్న ఎండుపుల్లలు మాత్రం తీసేయండి. పచ్చబడాలని ఇప్పుడు ఎరువు గుమ్మరించకండి. నీళ్ళందక ఎండిన మొక్కకు ఎరువు ఉప్పుతో సమానం.

ఉప్పంటే గుర్తొచ్చింది. మంచు కరగడానికి నడకదారి మీద ఉప్పు చల్లి, ఆ మంచునే పార ఎత్తి పొద మీదకు విసిరేస్తుంటారు. మీరూ అలా చేసుంటే ఎండింది కింది భాగంలోనే ఎక్కువగా ఉంటుంది. వాన పడని వారంలో పైపుతో మొదలు చుట్టూ నేల బాగా తడిసేలా నీళ్ళు పెడితే ఉప్పు కిందికి దిగిపోతుంది.

వచ్చే చలికాలానికి చేయాల్సిన పని ఆకులు రాలే కాలంలోనే ఉంది. సెప్టెంబరు నుంచి నేల గడ్డకట్టే వరకు, వాన పడని వారంలో ఒకసారి బాగా నీళ్ళు పెట్టండి. మనవాళ్ళు దసరా వెళ్ళగానే పైపు చుట్టి గరాజ్‌లో పెట్టేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. ఆకుల మీద కొట్టే మైనపు స్ప్రేలు దుకాణంలో దొరుకుతాయి. నన్నడిగితే ఆ డబ్బాకన్నా నవంబరులో పోసే నీళ్ళే మేలు. గాలి బాగా కొట్టే చోటైతే కర్రలు పాతి గోనెపట్టా తెరలా కట్టండి, ఆకులకు తగలకుండా. ప్లాస్టిక్ మాత్రం కప్పకండి. మంచు బరువుకు కొమ్మలు వంగితే చీపురుతో కింది నుంచి పైకి మెల్లగా లేపి దులపండి. అదే ఐసు పట్టిందా, ముట్టుకోకుండా వదిలేయండి. దులిపితే కొమ్మ విరుగుతుంది, వదిలేస్తే ఐసే కరుగుతుంది.

హెచ్‌ఓఏకు "ఇవి చలి దెబ్బ తిన్న మొక్కలు, చచ్చినవి కావు, జూన్ ఆఖరు వరకు గడువివ్వండి" అని ఒక ఈమెయిల్ పెట్టండి. గోటితో గీరిన కొమ్మ ఫోటో జతచేయండి. పచ్చ రంగు కనిపిస్తుంటే వాదించేవాళ్ళు తక్కువ. వీలైతే ఒక ఆదివారం బోయ్స్ ఊళ్ళో ఉన్న స్టేట్ ఆర్బొరేటమ్‌కు, అంటే రకరకాల చెట్లు పెంచి చూపించే తోటకు, వెళ్ళి రండి, మీకు గంట ప్రయాణం. బాక్స్‌వుడ్ ఎన్ని రకాలుగా పెరుగుతుందో అక్కడ చూస్తే మీ పొదల మీద కూడా గౌరవం కలుగుతుంది.

అక్కా, మా బాక్స్‌వుడ్ ఆకుల అడుగున పొంగినట్టు బుడగలు ఉన్నాయి. మీరెప్పుడూ చెప్పినట్టే ఒక ఆకు చింపి చూశాను. లోపల పసుపు రంగు పురుగులు కదులుతున్నాయి! ఒళ్ళు జలదరించింది. ఏం కొట్టమంటారు?
*– ఎడిసన్, న్యూజెర్సీ*

చింపి చూసినందుకు మీకు నూటికి నూరు మార్కులు. దీన్ని లీఫ్ మైనర్ అంటారు, ఆకు రెండు పొరల మధ్య కాపురముండే పురుగు. ఇక్కడ బాక్స్‌వుడ్‌కు పట్టే పురుగుల్లో అందరికీ తరచుగా ఎదురయ్యేది ఇదే.

దీని ఏడాది ఎలా గడుస్తుందో తెలిస్తే ఎప్పుడు ఏం చేయాలో మీకే అర్థమవుతుంది. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో, మీ వీధిలో వైజీలియా అనే పూలపొద పూసే రోజుల్లో, ఆకుల్లోంచి దోమంత నారింజ రంగు ఈగలు బయటికి వస్తాయి. పొద్దున్నే పొద దగ్గర నిలబడితే చుట్టూ ఎగురుతూ కనిపిస్తాయి. ఆకు అడుగున తెల్లటి పొట్టు వేలాడుతుంటే అది అవి విడిచిపోయిన తొడుగే. వాటి ఆయుష్షు మహా అయితే ఒకటి రెండు రోజులు. ఆ కాస్త వ్యవధిలోనే కొత్త ఆకుల అడుగున గుడ్లు గుచ్చిపెట్టి పోతాయి. ఆ గుడ్ల నుంచి వచ్చిన పురుగు వేసవంతా ఆకు లోపలే తింటూ, చలికాలం కూడా అక్కడే గడిపి, మళ్ళీ వసంతానికి ఈగ అవుతుంది. అంటే ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అది ఆకు లోపలే ఉంటుంది. పైపైన కొట్టే మందు దాన్ని అంటదు.

మరి చేయాల్సిందేమిటంటే, ఈగలు ఇంకా బయటికి రాకపోతే ఈ వారమే బుడగలున్న చివర్లు కత్తిరించి, రాలినవి కూడా ఊడ్చి, సంచిలో కట్టి చెత్తలో వేయండి. ఈగలు వెళ్ళిపోయి ఉంటే కొత్త చిగుళ్ళను జూన్‌లో ఒకసారి కత్తిరించండి. గుడ్లన్నీ ఆ చిగుళ్ళలోనే ఉంటాయి కదా, చాలావరకు పోతాయి. ఒక్క ఏడాదిలో పూర్తిగా పోదు. రెండు మూడేళ్ళు పట్టుదలగా చేస్తే పొద తేరుకుంటుంది.

వేరు దగ్గర పోసే ఇమిడాక్లోప్రిడ్ మందు గురించి అడుగుతారని తెలుసు. బాక్స్‌వుడ్‌కు వసంతంలో చిన్న చిన్న పూలు పూస్తాయి, మనకు కనిపించవు గానీ తేనెటీగలకు కనిపిస్తాయి. ఆ మందు పూలలోకి కూడా ఎక్కుతుంది. పైగా ఆ జాతి మందులను ఇంటివాళ్ళు సొంతంగా తోటలో వాడటాన్ని మీ న్యూజెర్సీ చట్టం కట్టడి చేసింది. లైసెన్సు ఉన్నవాళ్ళనో, తోటలకూ పంటలకూ సలహాలిచ్చే మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసునో అడగకుండా ఆ డబ్బా జోలికి వెళ్ళకండి.

మా ల్యాండ్‌స్కేపర్ వచ్చి ట్రిమ్ చేసి వెళ్ళిన రెండు మూడు వారాలకు, వానలు పట్టుకున్నాయి. ఒక పొదకు ఆకుల మీద ముదురు మచ్చలు వచ్చి, చూస్తుండగానే ఆకులన్నీ రాలిపోయాయి. ఇప్పుడు పక్క పొదకు మొదలైంది. పుల్లల మీద నల్లటి చారలు ఉన్నాయి. ఫంగిసైడ్ (బూజు మందు) కొడితే సరిపోతుందా?
*– షార్లట్, నార్త్ కరోలినా*

ఈ నెల ఉత్తరాల్లో నన్ను భయపెట్టింది ఇదొక్కటే. మీరు చెప్పిన మూడు గుర్తులూ, అంటే ఆకు మీద ముదురు మచ్చ, లేత పుల్ల మీద నల్ల చార, చకచకా ఆకు రాలడం, కలిసి వస్తే బాక్స్‌వుడ్ బ్లైట్ అని అనుమానించాలి. ఇది బూజు జాతి తెగులు. ఇంగ్లండులో 1990ల నడుమ కనిపించింది, అమెరికాలో మొదట తేలింది 2011లో, అదీ మీ నార్త్ కరోలినాలోనూ కనెక్టికట్‌లోనూ.

దీన్ని ఇంకో తెగులుతో పొరబడే అవకాశం ఉంది, అందుకే మళ్ళీ ఒకసారి పొద దగ్గరికి వెళ్ళండి. వోలుటెల్లా అనేదొకటి ఉంది. అది వస్తే కొమ్మ ఎండి గడ్డి రంగుకు తిరుగుతుంది గానీ ఆకులు కొమ్మను పట్టుకునే ఉంటాయి. తేమగా ఉన్న రోజు ఆకు అడుగున చూస్తే లేత గులాబీ రంగు పొడి చుక్కలుగా కనిపిస్తుంది. అదైతే ఎండిన కొమ్మలు కోసేసి, లోపలికి గాలి తగిలేలా చేస్తే సరిపోతుంది. బ్లైట్‌లో ఆకు నిలవదు, కింద కుప్పగా రాలుతుంది, పుల్లల చివర్లు బోడిగా మిగులుతాయి. అనుమానం ఉంటే కొమ్మను రెండు సంచుల్లో బిగించి కట్టి, కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ద్వారా ల్యాబ్‌కు పంపండి. గార్డెన్ సెంటర్‌కు మాత్రం మోసుకెళ్ళకండి, అక్కడ అమ్మే మొక్కలకు అంటించినవారవుతారు.

ల్యాబు అదేనంటే మీ ప్రశ్నకు జవాబు: ఫంగిసైడ్ సరిపోదు. ఆ మందులు తెగులు రాని మొక్కకు కాపలా కాయగలవే తప్ప, తెగులు వచ్చిన మొక్కను బాగుచేయలేవు. తెగులు పట్టిన పొదను వేరుతో సహా తీసి, అక్కడికక్కడే సంచిలో కట్టి చెత్తలో పంపేయాలి. కంపోస్టులో వేయకూడదు. రాలిన ఆకులను ఒక్కటి కూడా వదలకుండా ఏరాలి. ఈ బూజు రాలిన ఆకులో, మట్టిలో ఏళ్ళ తరబడి కాచుకుని ఉంటుంది. దాని బీజాలు జిగురుగా ఉంటాయి కాబట్టి గాలికి ఎక్కువ దూరం పోవు. కత్తెరకు, చెప్పులకు, ప్యాంటుకు, కుక్క బొచ్చుకు అంటుకుని ఇంటింటికీ తిరుగుతాయి. మీ ల్యాండ్‌స్కేపరే తెచ్చాడని నేను అనను, కొత్తగా కొన్న మొక్కతో కూడా రావచ్చు, క్రిస్మస్‌కు తలుపుకు కట్టిన బాక్స్‌వుడ్ దండతో కూడా రావచ్చు. కానీ ఇక మీదట ఎవరొచ్చినా కత్తెర పెట్టే ముందు దాన్ని శుభ్రంగా తుడిచి, 70 శాతం ఆల్కహాల్‌తో మళ్ళీ తుడవమనండి. మొహమాటపడకండి. తడి ఆకుల మీద కత్తెర పెట్టనివ్వకండి. మీ స్ప్రింక్లర్ ఆకుల మీద చిమ్ముతుంటే దాని తల ఇవాళే తిప్పేయండి. ఈ బూజుకు కావలసింది వెచ్చదనం, గంటల తరబడి ఆరని ఆకు.

ఖాళీ అయిన చోట మళ్ళీ బాక్స్‌వుడ్ వేయకపోవడమే మంచిది. అదే చోట పాకిసాండ్రా అనే నేల మీద పరుచుకునే మొక్క కూడా వేయకండి, దానికీ ఇదే తెగులు పడుతుంది. చూడటానికి ఇలాగే ఉండాలంటే ఇంక్‌బెర్రీ హోలీ ఉంది, జపనీస్ హోలీ ఉంది. ఎంత చెప్పినా బాక్స్‌వుడ్డే కావాలంటే తెగులును బాగా తట్టుకునే న్యూజెన్ ఫ్రీడమ్, ఇండిపెండెన్స్ రకాలు అడగండి. ఇంగ్లిష్ బాక్స్‌వుడ్ అని మురిపెంగా అమ్మే పొట్టి రకం ఈ తెగులుకు అన్నిటికన్నా ముందు లొంగేది, అది మాత్రం వద్దు.

ఆంటీ నమస్తే. పొద లోపల సాలెగూడులాంటి దారాలు, వాటి నిండా పచ్చటి చిన్న గింజల్లాంటివి. విడదీసి చూస్తే ఆకుపచ్చ పురుగులు, నల్ల తల, ఒంటి మీద నల్ల చారలు. సగం ఆకులకు ఈనె మాత్రమే మిగిలింది.
*– రాచెస్టర్, న్యూయార్క్*

ఆ గింజలు పురుగు రెట్టలమ్మా. మీరు చూసింది బాక్స్ ట్రీ మాత్ అనే రెక్కల పురుగు పిల్లల్ని. తూర్పు ఆసియాది. 2018లో టొరంటోలో కనిపించింది, 2021లో మీ పక్కనే నయాగరా కౌంటీలో. బాక్స్‌వుడ్‌కు వచ్చే మిగతా పురుగులు అందం చెడగొడతాయి, ఇది ప్రాణం తీస్తుంది. ఆకులు అయిపోతే బెరడు కూడా గీకి తింటుంది. బెరడు పోయిన కొమ్మ మళ్ళీ చిగురించదు.

కానీ ఇది ఆకు బయట తిరిగే పురుగు కాబట్టి చేతికి దొరుకుతుంది. పొదలు రెండు మూడే అయితే గ్లవ్స్ వేసుకుని ఏరి సబ్బునీళ్ళలో వేయండి. ఎక్కువైతే బీటీకే అనే బ్యాక్టీరియా మందు దొరుకుతుంది, గొంగళి పురుగులకే పనిచేస్తుంది, తేనెటీగల జోలికి పోదు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి, పొద పైన కాదు, కొమ్మలు విడదీసి లోపల తడిసేలా కొట్టాలి. ఏడాదిలో ఒక తరంతో ఆగదు. ఇవాళ్టి పని అయ్యాక కూడా వేసవంతా రెండు వారాలకోసారి లోపల చూస్తూ ఉండండి. చలికాలంలో ఇవి రెండు మూడు ఆకులు కలిపి కుట్టుకున్న గూట్లో చిన్న పురుగులుగానే పడుకుంటాయి. అతుక్కున్న ఆకులు కనిపిస్తే అప్పుడే తుంచేయండి. మీ రాష్ట్ర వ్యవసాయ శాఖకు ఫోటో పంపడం కూడా మర్చిపోకండి, ఎక్కడెక్కడికి పాకుతోందో వాళ్ళు లెక్క చూసుకుంటున్నారు.

మేడమ్, మాది నల్లమట్టి. కొత్త ఇల్లు, బిల్డర్ నాటిన బాక్స్‌వుడ్‌లు ఒక్కొక్కటే పసుపుపచ్చగా మారి వాడిపోతున్నాయి. నీళ్ళు తక్కువయ్యాయని స్ప్రింక్లర్ రోజూ వేస్తున్నాం. ఇంకా వాడుతున్నాయి.
*– ఫ్రిస్కో, టెక్సస్*

రోజూ వేస్తున్నారు కాబట్టే వాడుతున్నాయి. మీ డాలస్ చుట్టుపక్కల నల్లమట్టీ మన కర్నూలు, ఆదిలాబాద్ నల్లరేగడీ శాస్త్రవేత్తల లెక్కలో ఒకే తరగతి నేలలు. తడిస్తే ఉబ్బి నీటిని వదలదు, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. మన రైతులు అందులో పత్తి వేశారు, అక్కడివాళ్ళూ పత్తే వేశారు. బాక్స్‌వుడ్ వేర్లు పైపైనే ఉంటాయి, వాటికి తేమ కావాలి గానీ నిలవనీరు పడదు. నీరు నిలిస్తే వేరుకుళ్ళు వస్తుంది, వేరు కుళ్ళిన మొక్క అచ్చం నీళ్ళు లేని మొక్కలాగే వాడుతుంది. దాన్ని చూసి మనం ఇంకా నీళ్ళు పోస్తాం.

రేపు పొద్దున స్ప్రింక్లర్ ఆపి, మొదలు పక్కన వేలు లోతున మట్టి తవ్వి చూడండి. ముద్దగా, వాసనగా ఉంటే నా మాట నిజమే. ఒక చిన్న వేరు లాగి చూడండి. తెల్లగా గట్టిగా ఉంటే మంచి వేరు, గోధుమ రంగులో పై పొర జారి చేతికి వస్తే కుళ్ళింది. బాగా కుళ్ళినదాన్ని కాపాడలేం. మిగిలినవాటిని మెల్లగా పెల్లగించి, కంపోస్టు కలిపిన మట్టితో కాస్త మెరక చేసి, వేరుముద్ద పై అంచు చుట్టూ నేలకన్నా ఒకటి రెండు అంగుళాలు పైకి ఉండేలా మళ్ళీ నాటండి. ఈ పని మే దాటాక పెట్టుకోకండి, అప్పటి ఎండకు తట్టుకోలేవు. అక్టోబరు అయితే ఇంకా మంచిది. నాటిన మొదటి ఏడాది వారానికి ఒక అంగుళం నీరు చాలు, వానతో కలిపి. మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు) రెండు అంగుళాలకు మించొద్దు, మొదలుకు ఆనించొద్దు. కొత్తవి కొనాల్సి వస్తే వేడిని తట్టుకునే జపనీస్ రకాలు తీసుకోండి.

అక్కా, మా నాన్నగారు ఇండియా నుంచి ఆరు నెలలకు వచ్చారు. ఏం తోచక రోజూ సాయంత్రం కత్తెర పట్టుకుని బాక్స్‌వుడ్‌లను గుండ్రంగా చెక్కుతున్నారు. పైన బాగుంది గానీ లోపల చూస్తే ఒక్క ఆకు లేదు, అన్నీ ఎండుపుల్లలే. వద్దంటే నొచ్చుకుంటారు.
*– కొలంబస్, ఒహాయో*

నాన్నగారిని ఏమీ అనకండి. ఇక్కడ డబ్బు తీసుకుని చేసేవాళ్ళు కూడా ఇదే పని చేస్తారు. పైపైనే కత్తిరిస్తుంటే ఆ చివర్లలోనే గుబురుగా చిగుళ్ళు వచ్చి పైన పెంకు కడుతుంది. లోపలికి వెలుతురు పోదు, ఆకులుండవు, తడి ఆరదు, తెగుళ్ళకు అదే కావాలి.

పని మానమనొద్దు, వేరే పని ఇవ్వండి. ఆ పెద్ద కత్తెర తీసేసుకుని, ఒక్కో కొమ్మ కోసే చిన్న ప్రూనర్ చేతిలో పెట్టండి. పొదలో అక్కడక్కడా చెయ్యి లోపలికి పెట్టి, ఆరేడు అంగుళాల కొమ్మను అది పుట్టిన చోట తుంచి బయటికి లాగాలి. పైన అరచెయ్యి పట్టేంత కంత పడుతుంది, అందులోంచి వెలుతురు దిగుతుంది. కొన్నాళ్ళకు లోపలి పుల్లల మీద సన్నటి పచ్చటి మొగ్గలు వస్తాయి. పొద మొత్తంలో పదో వంతు తీస్తే చాలు. దీనికి అసలైన కాలం నవంబరు ఆఖరు నుంచి మార్చి వరకు, కాకపోతే ఇప్పుడు కొద్దిగా చేసినా ప్రమాదం లేదు. ఓపిక కావలసిన పని, పెద్దవాళ్ళకు బాగా కుదురుతుంది.

కత్తెరతో ఆకారం దిద్దడం ఏడాదికి ఒకసారి, మొదటి చిగురు ముదిరాక. ఇంగ్లండులో తోటమాలులు జూన్ మొదట్లో జరిగే డెర్బీ గుర్రప్పందేల రోజును గుర్తుగా పెట్టుకుంటారు. ఒహాయోకు కూడా ఆ రోజులే సరిపోతాయి. ఆగస్టు నడుమ దాటాక మాత్రం కత్తెర దాచేయండి. అప్పుడు కత్తిరిస్తే వచ్చే లేత చిగురు ముదరకముందే మంచు పడి మాడిపోతుంది. నాన్నగారు అప్పటికి తిరుగు ప్రయాణంలో ఉంటారేమో కూడా.

బాక్స్‌వుడ్ దగ్గర పిల్లి ఉచ్చ వాసన వస్తోంది. మాకు పిల్లి లేదు. ఇంకో సంగతి, మా అత్తగారు వినాయక చవితికి దీని ఆకులు పత్రిలో వేయవచ్చా అని అడుగుతున్నారు.
*– అట్లాంటా, జార్జియా*

ఆ వాసన మొక్కదే. ఎండ కాసిన రోజున, వాన వెలిశాక ఇంకా తెలుస్తుంది. కొందరికి తెలియనే తెలియదు, కొందరు గుమ్మం దాటలేరు. మీరు రెండో రకమైతే కిటికీ కింద ఉన్నవి దూరంగా మార్చుకోండి, మందేమీ లేదు. ఒకవేళ పొద కింది భాగం ఒక్క చోటే మాడి ఉంటే మాత్రం పిల్లి కాదు, వీధిలోవాళ్ళ కుక్క.

అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి. ఇరవై ఒక్క పత్రాల్లో ఇది లేదు. దేవుడి ముందు పెట్టడం మీ ఇష్టం గానీ ఈ ఆకులో విషం ఉంది, చేదు కూడా. జింకలు దీని జోలికి రానిది అందుకే. పూజయ్యాక పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడండి. గరిక మీ లాన్‌లోనే ఉంటుంది, జార్జియాలో బెర్ముడా గడ్డి అంటే అదే. మందు కొట్టని చోట కోసుకోండి.

అమెరికాలో పన్నెండేళ్ళు ఉండి వచ్చేశాం. షాద్‌నగర్ దగ్గర ఫామ్‌హౌస్ కడుతున్నాం. మా ఆవిడకు అక్కడి ఇంటి ముందున్న బాక్స్‌వుడ్‌లే కావాలి. పక్కనే మాకు అర ఎకరం నిమ్మ తోట ఉంది. కడియం నుంచి తెప్పించుకోవచ్చా?
*– హైదరాబాద్*

మా ఊరివాళ్ళు అడిగితే లేదనరు, ఏదో ఒకటి లారీ ఎక్కిస్తారు. కానీ బాక్స్‌వుడ్ చల్లటి దేశపు మొక్క. మన దేశంలో దాని జాతిది హిమాలయాల్లో పెరుగుతుంది, అక్కడ దాని గట్టి కలపతో దువ్వెనలు చేస్తారు. షాద్‌నగర్ మే నెల ఎండకు అది బతకదు. బతికించాలని నీడ, నీళ్ళు, తెరలు పెట్టినా మీకు సుఖం ఉండదు. నగరంలో హోటళ్ళ ముందు కుండీల్లో నిగనిగలాడే బాక్స్‌వుడ్ బంతులు చూసి ఆశపడకండి, చాలావరకు ప్లాస్టిక్‌వి.

చిన్న ఆకు, ముదురు పచ్చ, కత్తెరకు లొంగే గుణం కావాలంటే నేను ఎవరికైనా మొదట చెప్పేది మధుకామిని. కరివేపాకు కుటుంబానిదే, వానాకాలంలో తెల్లటి పూలు, రాత్రిపూట మంచి వాసన. కానీ మీకు చెప్పను. నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగుకు మధుకామిని అంటే మహా ఇష్టం. నిమ్మ తోట పక్కన ఆ కంచె వేస్తే పురుగుకు విడిది ఇచ్చినట్టే. మీరు నిమ్మ తోట మాట రాయకపోతే నేనూ కళ్ళు మూసుకుని అదే చెప్పేదాన్ని.

గుమ్మం ముందు గుండ్రటి ఆకారాలకు పొట్టి రకం ఫైకస్ కుండీల్లో పెట్టండి, నేలలో వద్దు, వేళ్ళు గోడల్లోకి పోతాయి. దారి పొడుగునా తక్కువ ఎత్తు కంచెకు దురంత వేసుకోండి, వానాకాలంలో నెలకోసారి కత్తిరించాలి. బయటి సరిహద్దుకు మాత్రం గోరింట వేయండి. ఆకు చిన్నది, నీళ్ళు పెద్దగా అడగదు, ముదిరిన కొమ్మకు ముళ్ళుంటాయి కాబట్టి మేకలు కూడా దూరవు. జూన్‌లో రెండు వానలు పడ్డాక అడుగు దూరంలో ఒక్కో మొక్క నాటండి, మోకాలెత్తు వచ్చినప్పుడల్లా సగానికి కోస్తే కింది నుంచి గుబురుగా వస్తుంది. పెరిగాక ఆషాఢంలో మీరు కత్తెర పట్టుకోనక్కర్లేదు, ఊళ్ళో ఆడపిల్లలే వచ్చి కోసుకుపోతారు.